మైకేల్ ఫారడే మహాశయుడు – మడ్డినీటి మర్మము

విద్యుచ్ఛక్తిని గూర్చి రెండు పాఠములు చదివిన ప్రతి విద్యార్థియు మైకేల్ ఫారడే పేరు వినియే యుండును. తీగచుట్టలో అయస్కాంతమును కదల్చి విద్యుత్ప్రవాహమును పుట్టించిన మహాశయు డాయనయే. సిరిసిల్లలో మరమగ్గములను త్రిప్పుచున్న విద్యుత్తు పుట్టుటకు ఆధారమైన సూత్రమును ఆయన 1831వ సంవత్సరమున కనుగొనెను. ఈ సంగతి పాఠ్యపుస్తకములయం దున్నది గావున మేమిచట దానిని విస్తరింపము. ఆయన ముదిమిలో చేసిన మఱియొక పని కలదు. అది బంగారమును గూర్చినది. ఐనను మన ముస్తాబాదు ప్రాంతపు చెరువులలోని ఎఱ్ఱనీరు ఏల త్వరగా తేరదో, ఎట్లు తేరునో తెలిసికొనుటకు ఆ పనియే తొలిమెట్టు. పాఠ్యపుస్తకములు సామాన్యముగ విడిచిపెట్టు ఈ భాగమును ఆయన జీవితముతో గూడ మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుప దలచితిమి.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండు దేశమున, లండను నగరమున కానుకొనియున్న న్యూయింగ్టను అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. ఆయన దేహారోగ్యము మంచిది కాదు. కొలిమి మండిన దినముకంటె చల్లారిన దినములే హెచ్చుగ నుండెను. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. 1801వ సంవత్సరమున ధాన్యము ధర మిక్కిలి పెరిగినప్పుడు ఈ బాలునికి వారమున కొక్క రొట్టె మాత్రమే భాగమునకు వచ్చినదట. దానితో నతడు ఏడు దినములు గడుపవలసి యుండెను. చదువన్ననో, చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు, ఇంతమాత్రమే. పదుమూడవ యేట, అనగా 1804వ సంవత్సరమున, రీబో అను పుస్తకవిక్రేతయొద్ద వార్తాపత్రికలు ఇంటింటికి చేర్చు పనిలో ప్రవేశించెను. మఱుసటి సంవత్సరము అచ్చటనే పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుటకు ఏడేండ్ల ఒడంబడిక జరిగెను.

పుస్తకములు కుట్టు చేతులు వానిని తెఱచి చూడకుండునా? పగలు కుట్టిన పుస్తకములనే రాత్రి చదువుచు నాతడు రసాయనశాస్త్రమును, విద్యుచ్ఛాస్త్రమును ఆరంభించెను. జేన్ మార్సెట్ అను విదుషీమణి వ్రాసిన రసాయన సంభాషణలు అతనికి గురుస్థానమున నిలిచెను. చదివిన దానిని చదివినట్లు నమ్మక, తన స్వల్పాదాయములో కొన్ని కాసులు మిగిల్చి సామగ్రి కొని, ప్రతి విషయమును తానే చేసి చూచుచుండెను. ఈ యలవాటు ఆయనను తుదివఱకును విడువలేదు.

1812వ సంవత్సరమున దుకాణమునకు వచ్చు నొక పెద్దమనిషి ఈ యువకుని శ్రద్ధకు మెచ్చి, సర్ హంఫ్రీ డేవీ రాయల్ ఇన్‌స్టిట్యూషనులో చేయు నుపన్యాసములకు ప్రవేశపత్రము లిచ్చెను. ఫారడే నాలుగుపన్యాసములు విని, విన్నదంతయు వ్రాసి, పటములు గీచి, తన చేతులతోనే అందముగ అట్టగట్టి, ఆ సంవత్సరాంతమున డేవీకే పంపెను. 1813వ సంవత్సరము మార్చి నెలలో ఆ సంస్థయందు ప్రయోగశాలా సహాయకుని పని దొరకెను. సీసాలు కడుగుట, ఉపన్యాసములకు సామగ్రి సిద్ధము చేయుట అతని విధులు. సీసా శుభ్రముగా నుండవలె ననునది అతనికి విధి మాత్రమే కాదు, దినదినము నేర్చుకొన్న పాఠము. నలువదియేండ్ల పిదప, బంగారపు ప్రయోగములలో, ఈ పాఠమే ఆయనకు తోడ్పడెను.

ఆ సంస్థయందు ఆయన చేసిన పనులలో రెంటిని మాత్ర మిచట చెప్పెదము, మన కథకు నవి ముందు కావలసి యున్నవి గనుక. 1823వ సంవత్సరమున క్లోరిను వాయువును ఒత్తిడిచే ద్రవముగా మార్చెను. 1833, 1834 సంవత్సరములలో విద్యుత్తుచే ద్రావణములు విడివడు నియమములను నిర్ణయించెను. ఉప్పు నీటిలో కరిగినప్పుడు విద్యుదావేశముతో చరించు భాగములకు అయానులని పేరు పెట్టుటయు అప్పుడే జరిగినది. ఈ పేరును విలియం హ్యూవెల్ అను పండితుని సలహాపై ఆయన గైకొనెను. నేడు ప్రపంచమంతట రసాయనశాస్త్రము చదువు ప్రతి బాలుడును, బాలికయు ఈ మాటను పలుకుచున్నారు.

ఆయన నడవడిని గూర్చి ఒకటి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆయన సాండిమేనియను లను చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినవాడు. ఆ సంఘమున జీతము గైకొను బోధకులు లేరు. పెద్దలే వాక్యము చెప్పుదురు. ఫారడే 1840వ సంవత్సరమున పెద్దగా నెన్నుకొనబడెను. 1821వ సంవత్సరమున తాను వివాహమాడిన సారా బర్నార్డును ఆ సంఘమునకు చెందిన కుటుంబములోనిదే. వర్తకులకొఱకు రసాయన పరీక్షలు చేసి విశేషముగ ధనము గడించు నవకాశము ఆయనకు కలిగెను. శాస్త్రసేవయా, ధనమా యని ఎంచవలసి వచ్చినప్పుడు ఆయన మొదటిదానినే వరించెను. 1857వ సంవత్సరమున రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని ఇవ్వ జూపిరి. దానిని గైకొనక, తుదివఱకు మైకేల్ ఫారడేగానే యుండగోరెను. బాలబాలికల కొఱకు క్రిస్మసు దినములలో శాస్త్రోపన్యాసములు చేయుట యన్న ఆయనకు మిక్కిలి ప్రీతి. 1827 మొదలు 1860 వఱకు పందొమ్మిది పర్యాయములు ఆయనయే వానిని నడిపెను. ఒక్క క్రొవ్వొత్తిని చేతబట్టుకొని ఆరు ఉపన్యాసములు చెప్పగలిగిన నేర్పరి యాయన.

ఇక నీటి సంగతికి వత్తము. 1855వ సంవత్సరము జూలై నెల 7వ తేదీన ఫారడే పొగయోడలో థేమ్సు నదిపై లండను వంతెనకును హంగర్‌ఫర్డు వంతెనకును నడుమ ప్రయాణము చేసెను. నీరంతయు లేత గోధుమరంగుతో చిక్కగా నుండి దుర్వాసన కొట్టుచుండెను. ఇతరులైనచో ముక్కు మూసికొని యూరకుందురు. ఫారడే తన జేబులోని తెల్లని అట్టకాగితములను ముక్కలుగా చింపి, సులభముగ మునుగునట్లు తడిపి, ఓడ ఆగిన ప్రతి రేవునొద్ద నీటిలో వేసి చూచెను. ఎండ తీక్ష్ణముగ కాయుచున్నను, అంగుళము లోతునకు దిగకముందే ఆ ముక్కలు కంటికి కనబడకుండ బోయెను. ముక్క నిలువుగ పడినప్పుడు దాని పైయంచు మునుగకముందే క్రిందియంచు మాయమగుచుండెను. ఒక అంగుళము, ఒక తెల్లకాగితము, ఒక లెక్క. మహానగరపు పాపమును కొలుచుట కాయనకు ఇంతకంటె హెచ్చు సామగ్రి కావలసి రాలేదు.

ఆయన ఆ దినముననే టైమ్సు పత్రికకు లేఖ వ్రాసి, నది మురుగుకాలువగా మారినదనియు, అధికారులు దీనిని ఉపేక్షించినచో ఎండలు ముదిరిన యొక వేసవి ఆ నిర్లక్ష్యమునకు తగిన శాస్తి చేయుననియు హెచ్చరించెను. అంతకు ముందటి సంవత్సరమే, 1854లో, లండనునందు విషూచి చెలరేగి వేలకొలది జనులను హతమార్చి యుండెను. హెచ్చరికను వినినవారు వినిరి. హాస్యపత్రికలవారు ఆయన బొమ్మను వేసి నవ్వించిరి. మూడేండ్లకు, 1858వ సంవత్సరపు వేసవిలో, నది కంపు భరింపరాక పార్లమెంటు భవనపు తెరలను బ్లీచింగు పొడి కలిపిన నీటిలో తడిపి వ్రేలాడగట్టవలసి వచ్చెను. అప్పుడుగాని శాసనము కాలేదు. బజాల్జెట్ అను ఇంజనీరు చేతిమీదుగ పెద్ద మురుగుకాలువలు నిర్మింపబడలేదు.

ఈ లేఖ వ్రాసిన కొలది నెలలకే, 1856వ సంవత్సరారంభమున, ఫారడే బంగారముతో ప్రయోగములు మొదలిడెను. అప్పటి కాయనకు అఱువదినాలుగేండ్లు. జ్ఞాపకశక్తి క్షీణించుచుండెను. నిన్న చేసినది నేడు మఱచునట్టి స్థితిలో, ప్రతి ప్రయోగమును వెంటనే దినచర్యలో సంఖ్యవేసి వ్రాసికొనుచుండెను. ఆయన ప్రయోగశాలా దినచర్యలో అట్టి సంఖ్యలు పదునారు వేలకు మించియున్నవి. ఆయన చేయదలచినది వేఱు: బంగారమును మిక్కిలి పలుచని రేకుగా చేసి, వెలుగు దానిలో నెట్లు చొచ్చునో కనుగొనుట. కాని చేయుచుండగా ఇంకొక వింత పదార్థము ఆయన దృష్టి నాకర్షించెను. బంగారపు లవణమును విశేషముగ నీటిలో కరగించి, దానికి భాస్వరమును తగిలించినచో, ఆ నీరు పసుపువన్నె వీడి కెంపువలె ఎఱ్ఱనై మెఱయును. చూచుటకు నిర్మలమైన ద్రవమే. వడపోత కాగితమును దాని నాపజాలదు. అయినను ఫారడే కటకముతో సూర్యకిరణములను కూర్చి దానిలోనికి ప్రసరింపజేయగా, చీకటిగదిలో గవాక్షము నుండి పడు ఎండలో ధూళి మెఱసినట్లు, ఆ కిరణముల త్రోవ ద్రవములో స్పష్టముగ కనబడెను. కావున అది కరిగిన పదార్థము కాదు. కంటికి కనరాని బంగారు రేణువులు నీటిలో తేలాడుచున్నవి యని ఆయన నిశ్చయించెను.

ఈ ఎఱ్ఱని ద్రవమున పిడికెడు గాదు, చిటికెడు ఉప్పు వేసినంతనే అది నీలివన్నెకు మాఱెను. క్రమముగ రేణువులు అడుగున జేరెను. మఱల ఎంత కలిపినను ఎఱుపు రాలేదు. ఉప్పు బంగారమును కరగింపదు, మార్పదు; విడివిడిగా తిరుగు రేణువులను గుంపుకట్టించినది, అంతియే. ఫారడే అచట నాగలేదు. జంతుచర్మములనుండి తీయు జెలాటిను అను జిగురును ముందుగ కలిపి, పిమ్మట ఉప్పు వేసి చూడగా, ఎఱుపు ఎఱుపుగానే నిలిచెను. అనగా లవణము రేణువులను కలుపును. జీవులనుండి వచ్చిన జిగురు వానిని విడదీసి కాపాడును. 1857వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన రాయల్ సొసైటీయందు చేసిన ఉపన్యాసమున ఈ బంగారపు ప్రయోగముల నన్నిటిని వివరించెను. తాను వెదకిన ఫలము పూర్తిగ దొరకలేదని దాచక చెప్పెను. నాడు సిద్ధముచేసిన ఆ ద్రవములలో కొన్ని నేటికిని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు వన్నె తఱుగక నిలిచియున్నవి.

ఈ స్వర్ణద్రవమునకును మన చెరువునీటికిని ఏమి సంబంధమని విద్యార్థులు శంకింప వచ్చును. సంబంధ మిది. మృగశిర కార్తె మొదలు వానలు కురిసినప్పుడు మన చెలక నేలలపైనుండి పాఱు నీరు ఎఱ్ఱమట్టిని మోసికొని చెరువులలోనికి వచ్చును. ఇసుక వెంటనే అడుగంటును. ఒండ్రు కొంతసేపటికి దిగును. కాని మిక్కిలి సన్నని బంకమట్టి రేణువులు దినములు గడచినను నీటిలో తేలాడుచునే యుండును. ఆ రేణువుల ఉపరితలములపై ఋణ విద్యుదావేశ ముండును. ఒకే జాతి ఆవేశముగలవి ఒకదాని నొకటి తఱుమునుగదా! కావున అవి దగ్గఱకు రాజాలవు, గుంపుకట్టవు, గుంపు కట్టనిదే బరువెక్కవు, బరువెక్కనిదే దిగవు. ఫారడే చూచిన బంగారు రేణువుల స్థితియు నిట్టిదే.

నీటిలో లవణము కరిగినప్పుడు ధనావేశముగల అయానులు ఈ రేణువులను చుట్టుముట్టి వాని తఱుముడు శక్తి దూరము వ్యాపింపకుండ అడ్డుకొనును. అప్పుడు రేణువు లొండొంటిని సమీపించును. మిక్కిలి దగ్గఱకు వచ్చినంతనే పదార్థములకు సహజమైన ఆకర్షణశక్తి వానిని పట్టి బంధించును. ఫారడే పేరు పెట్టించిన అయానులే ఫారడే చూచిన వింతకు కారణమని తేలుట శాస్త్రచరిత్రలో ముచ్చటైన విషయము. లవణము లన్నియు సమానబలము గలవి కావు. 1882లో షూల్జెయు, 1900లో హార్డీయు చూపిన దేమనగా, ఒక ఆవేశముగల సోడియముకంటె రెండు ఆవేశములుగల కాల్షియము అనేకరెట్లు, మూడు ఆవేశములుగల అల్యూమినియము అంతకంటె ననేకరెట్లు బలముతో రేణువులను గుంపుకట్టించును. పటికలో నున్నది ఈ అల్యూమినియమే. అది నీటిలో జిగురువంటి తెల్లని తునకలుగా విడివడి, మట్టిరేణువులను తనతో చేర్చుకొని క్రిందికి దించును. మన అవ్వలు బిందెలో పటిక త్రిప్పుట వెనుక ఇంత శాస్త్రమున్నది.

చవుడు నేలల విషయమును ఇట్టిదే. అచట సోడియ మధికము. సోడియము మట్టిరేణువులను గట్టిగ పట్టియుంచజాలదు. వాన పడినంతనే అవి విడిపోయి నీరు పాలవలె చిక్కనగును, నేల ఆరినప్పుడు గట్టి పెచ్చు కట్టును. జిప్సము చల్లుమని వ్యవసాయాధికారులు చెప్పుట దానిలోని కాల్షియము కొఱకే. సబ్బు నురుగెత్తని గట్టి బావినీటిలో మట్టి త్వరగ తేరుటకును, వాననీటిలో ఆలస్యముగ తేరుటకును ఇదియే కారణము.

జీవపదార్థముల సంగతి ఇంతకంటె చిత్రమైనది. చెరువులో ఆకులు, గడ్డి, తుంగ క్రుళ్లినప్పుడు తేయాకు కషాయమువంటి గోధుమవన్నె పదార్థము నీటిలోనికి దిగును. అది మట్టిరేణువులపై పూతగా నంటుకొని, ఫారడే వాడిన జిగురువలెనే, వానిని కలియనీయదు. అట్టి నీటిని తేర్చుటకు పటిక హెచ్చుగ కావలెను. పూర్వము మన వ్రాయసకాండ్రు దీపపుమసిని తుమ్మబంకతో నూఱి సిరా చేయుట ఈ సూత్రముననే. మసి ఒంటరిగ నీటితో కలియదు. బంక పూసిన మసి ఏండ్లతరబడి విడువక కలిసియుండును. ఐతే జీవపదార్థము లన్నియు రేణువులను విడదీయునవియే యని తలపరాదు. కొన్నిటి అణువులు పొడుగాటి దారములవంటివి. ఒక కొన ఒక రేణువును, మఱియొక కొన వేఱొక రేణువును పట్టి అవి వంతెన గట్టును. చిల్లగింజను కుండలోపలివైపున అరగదీసి నీరు పోసినచో నీరు తేరుట మన పెద్దలకు తరతరములుగ తెలిసినదే. దీనికి ఇండుపగింజ యనియు, సంస్కృతమున కతకమనియు పేళ్లు. మునగగింజలలోని మాంసకృత్తులు ధనావేశము గలవి గావున అవియు నిట్లే పనిచేయును. అదే జీవపదార్థము, కొలతనుబట్టియు, జాతినిబట్టియు, నీటిలో తోడుగనున్న లవణమునుబట్టియు, ఒకచోట కలుపును, మఱియొకచోట విడదీయును. ఈ ప్రశ్నపై శాస్త్రజ్ఞులు నేటికిని పరిశోధనలు సాగించుచున్నారు.

ఈ ప్రయోగము ప్రకృతిలో అతివిశాలముగ జరుగు చోటు మన నీరు చేరు చోటే. మన చెరువుల మత్తడులు దుమికిన నీరు వాగులలో పడి మానేటిని జేరును. మానేరు గోదావరిలో కలియును. గోదావరి ధవళేశ్వరము దాటి పాయలుగ చీలి బంగాళాఖాతమున బడును. దారి పొడుగున నీటిలో లవణము స్వల్పము. కావున సన్నని మట్టి తేలుచునే పోవును. సముద్రపునీటిలోనో, ప్రతి 1000 గ్రాములకు సుమారు 35 గ్రాముల లవణము లుండును. నదీముఖమున ఈ రెండును కలిసినంతనే రేణువులు గుంపుకట్టి దిగజొచ్చును. ఫారడే గాజుపాత్రలో చిటికెడు ఉప్పు చేసిన పనిని అచట సముద్రమే చేయుచున్నది. డెల్టాభూములు పెరుగుటకు గల కారణములలో ఇది యొకటి. నదులపై జలాశయములు వెలసిన పిదప మట్టి చాలవఱకు వానిలోనే నిలిచిపోవుచున్నది. నర్మాలయొద్దనున్న ఎగువ మానేరు మొదలు అన్ని జలాశయములకును పూడిక యొక చింత. వేసవిలో రైతులు చెరువుల పూడికమట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకొనుట, పోయిన మట్టిని మఱల నింటికి తెచ్చుకొనుటయే.

ఇచట తలిదండ్రులకు ఒక మాట. తేటనీరు వేఱు, మంచినీరు వేఱు. నీరు తేరినప్పుడు క్రిములలో చాలభాగము మట్టితో గూడ దిగిపోవును. కాని అన్నియు దిగవు. తెల్లగ మెఱయు నీటిలోను విషూచి దాగియుండ వచ్చును. కావున తేర్చినపిదప కాచుట గాని, క్లోరిను కలుపుట గాని అవసరము. కుళాయినీటిని శుద్ధిచేయు చోట్ల మొదట పటికవంటి లవణములతో తేర్చి, వడపోసి, పిమ్మటనే క్లోరిను కలుపుదురు. ఈ క్రమమునకు కారణము కలదు. మడ్డిరేణువుల చాటున క్రిములు దాగును. మురుగులోని జీవపదార్థము క్లోరినును తానే హరించివేయును. నేడు సిలిండర్లలో ద్రవరూపమున వచ్చు క్లోరిను ఫారడే 1823లో చేసిచూపిన దానికి సంతతియే. చెరువులోనికి మురుగు వదలువారు నీటిని మలినము చేయుటయే గాక, దానిని తేర్చు నుపాయమును, శుద్ధిచేయు మందును గూడ నిర్వీర్యము చేయుచున్నారు. థేమ్సు నది విషయమున ఫారడే చేసిన హెచ్చరిక మన ఊరి చెరువునకును వర్తించును. దానిని వినుటకు మన మొక కంపుకొట్టు వేసవికొఱకు వేచియుండ నక్కఱలేదు.

విద్యార్థులు స్వయముగ చూడగోరినచో మూడు గాజుగ్లాసులు చాలును. వాననీటిలో కొంచెము బంకమట్టిని బాగుగ కలిపి, ముతక ఇసుక దిగినపిమ్మట పైనీటిని మూడింటను సమముగ పోయుడు. మొదటిదానిని అట్లే యుంచుడు. రెండవదానిలో చెంచాడు ఉప్పు వేయుడు. మూడవదానిలో ముందుగ తుమ్మబంక నీటిని ధారాళముగ కలిపి, తరువాత అంతే ఉప్పు వేయుడు. వెనుక తెల్లకాగితము నుంచి గంటగంటకు చూచి, కనబడినదానిని కనబడినట్లు వ్రాసికొనుడు. రెండవది ముందుగ తేరుటయు, మూడవది వెనుకబడుటయు మీ కంటికే కనబడును. ఒకవేళ వేఱుగ కనబడినచో దానినే వ్రాయుడు. ఫారడే చేసియుండునది అదియే.

1858వ సంవత్సరమున విక్టోరియా రాణి హాంప్టను కోర్టునందు ఆయనకు నివాసగృహము నొసగెను. 1862వ సంవత్సరమున ఆయన తుది ఉపన్యాసము జరిగెను. ఆపైన జ్ఞాపకశక్తి మిక్కిలి సన్నగిల్లెను. మాటలు మఱచినను మంచితనము మఱవలేదు. సంఘపు పెద్దగా మఱల 1860 మొదలు 1864 వఱకు సేవచేసి, అశక్తతచే విరమించుకొనెను. 1867వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన తన కుర్చీలో కూర్చుండియే ప్రశాంతముగ ప్రభువునందు నిద్రించెను. ఆడంబరము లేకుండ లండనులోని హైగేటు శ్మశానమున ఆయన దేహము నుంచిరి. సమాధిరాతిపై పేరును తేదీలును తప్ప వేఱు బిరుదములు లేవు.

ఆయన మరణానంతరము ఆ బంగారు ద్రవపు ఫలము పండనారంభించెను. థామస్ గ్రేహం అను పండితుడు 1861లోనే ఇట్టి ద్రవములకు కొల్లాయిడులని పేరిడి యుండెను; మన భాషలో వీనిని కలిలములందుము. జిగ్మాండీ అను శాస్త్రజ్ఞుడు ఫారడే వలెనే కెంపువన్నె బంగారమును తయారుచేసి, ఏ జిగురు ఎంత కలిపినచో ఉప్పునుండి దానిని కాపాడునో కొలిచెను. ఆ మార్గమున చేసిన పరిశోధనలకు 1925వ సంవత్సరపు నోబెలు బహుమతిని పొందెను. ఫారడే తనకు ఫలింపలేదని తలచిన పని, తరువాతివారికి విత్తనమయ్యెను. ఆయన దానిని ఫలింపలేదని దాచివేసి యుండినచో, లేక ఉన్నదానికంటె గొప్పగ వ్రాసి యుండినచో, ఆ విత్తనము మొలచి యుండునా?

కమ్మరి కొడుకు, వారమున కొక రొట్టె తిన్న బాలుడు, గణితశాస్త్రము నెఱుగనివాడు, తుదకు జ్ఞాపకశక్తియు కోల్పోయినవాడు. అట్టివానికి మిగిలిన దేమి? శుభ్రమైన సీసా, తెల్లని కాగితము, సత్యమును సత్యముగ వ్రాయు చేయి. ఈ మూడును మన విద్యార్థులలో ఎంత పేదవానికైనను దొరకునవే. వానాకాలమున చెరువుకట్టపై నడుచునప్పుడు ఎఱ్ఱనీటిని చూచి, ఇది ఏల తేరదని మన బాలబాలికలలో ఒక్కరైనను ఆగి ప్రశ్నించినచో, ఈ నాలుగు పుటలు వ్రాసిన మా శ్రమ సఫలమైనట్లే యెంచెదము.